ఊరి బడా, భవిత కేంద్రమా, హాస్టలా, హైదరాబాదా? ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు దారి ఎంచుకునే ముందు

మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండి ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా సాగే స్థితి. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. మాది నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర ఊరు. వాడిని బడిలో వేసే ఈడు వచ్చినప్పటి నుంచి ప్రైవేటు బడి, సర్కారు బడి, భవిత కేంద్రం (ఇట్లాంటి పిల్లలకు మండలంలో సర్కారు నడిపే శిక్షణ కేంద్రం), హైదరాబాద్ తిరుగుడు, అన్నీ చూశాం. అందులో రెండేళ్లు ఉత్తగా పోయాయి. చిన్నపిల్లల విషయంలో రెండేళ్లంటే చాలా పెద్ద కాలం. ఇంకో ఇంట్లో అట్లా పోవద్దనే ఇది రాస్తున్నాను.

చుట్టాల ద్వారానో, తెలిసినవాళ్ల ద్వారానో నెలకు ఒకరిద్దరు తల్లులు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, మా పిల్లగాన్ని ఏ బడిల వెయ్యాలె?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "ఇప్పుడు వాడు తన పని తాను ఏమేం చేసుకుంటడు? వచ్చే ఏడాదికి ఏ పని నేర్చుకుంటే నీకు పాణం నిమ్మళమైతది?" చాలామంది ఆ మాటకు కాసేపు ఆగిపోతారు. డాక్టర్లు వైకల్యం ఎంత శాతమో చెప్పి ఉంటారు, చుట్టాలు జాలిపడి ఉంటారు. ఈ మాట మాత్రం వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. బడి పేరు కంటే ముందు ఆ పని పేరు తేలాలి. అది తేలితే ఎక్కడ వేయాలో సగం తేలినట్టే.

ఇందులో నేను రాసేది ఎక్కువగా మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక కష్టమవడం) ఉన్న పిల్లల గురించి. పూర్తిగా వినపడని, కనపడని పిల్లల దారి వేరు. వాళ్లకు సైగల భాష, బ్రెయిలీ వచ్చిన టీచర్లే కావాలి. హైదరాబాద్ మలక్‌పేటలో ఉన్నలాంటి సర్కారు పాఠశాలలు వాళ్ల కోసమే. ఇంకో మాట. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన కుటుంబాలు మన జిల్లాలో అందరికీ తెలుసు. కాళ్లలోనే ఇబ్బంది ఉండి, బుర్ర చురుగ్గా ఉన్న బిడ్డను "వికలాంగుల బడి" అని ఎక్కడో వేయకండి. ఆ బిడ్డకు కావలసింది ర్యాంపు, కూర్చునే తీరు ఉన్న బాత్రూం, కింది అంతస్తులో తరగతి. అవి ఊరి బడిలోనే అడిగి తీసుకోవాలి.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు, బిడ్డ చేతికి ఏ పని రావాలి అన్నది. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో అన్నీ ఇక్కడి నుంచే మారాయి.

తమ్ముడికి తొమ్మిదేళ్లు వచ్చినా అంగీ గుండీలు మా అమ్మే పెట్టేది. భవిత టీచరమ్మ ఒకరోజు అంగీ విప్పించి, మళ్లీ తొడిగి, పై నాలుగు గుండీలు తానే పెట్టి, అట్టడుగుది సగం దాకా కాజాలోకి దూర్చి వదిలేసింది. మిగతా సగం వాడు లాగితే చాలు. వాడు లాగాడు. గుండీ ఇవతలికి వచ్చింది. "అయిపోయింది" అన్నది టీచరమ్మ. వాడు కూడా "అయిపోయింది" అన్నాడు. అంతే, ఆ రోజుకు పాఠం అదే. వారం తర్వాత ఆ గుండీ మొత్తం వాడే పెట్టాడు. తర్వాత కింది నుంచి రెండోది. పని చివరి మెట్టు బిడ్డ చేతికి ముందు ఇస్తే, ప్రతిసారీ పని పూర్తి చేసిన తృప్తి వాడిదే అవుతుంది. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే మధ్యలోనే విసిగి వదిలేస్తాడు, మిగతాది మనం చేస్తాం, వాడికి గుర్తుండేది ఓడిపోయిన సంగతే. కింది గుండీతో మొదలుపెట్టడానికి ఇంకో కారణం, అది వాడి కళ్లకు కనపడుతుంది. మెడ దగ్గరిది కనపడదు. వానకాలం మొదట్లో పెట్టుకుంటే బతుకమ్మ పండుగ నాటికి అయిదు గుండీలూ వచ్చాయి.

లాగు వేసుకోవడం, స్నానంలో చివరి చెంబు పోసుకోవడం, కంచం కడగడం, అన్నీ ఇదే పద్ధతిలో వచ్చాయి. తినడం విషయంలో మాత్రం మన ఇళ్లలో ఒక సులువు ఉంది. అన్నం కలిపి ముద్ద చేయడానికి వేళ్లన్నీ కలిసి పనిచేయాలి. జొన్నరొట్టె తునకలు చేసి పప్పులో అద్దుకోవడానికి బొటనవేలు, చూపుడువేలు చాలు. వేళ్లలో పట్టు తక్కువ ఉన్న పిల్లలకు రొట్టెతో మొదలుపెట్టి అన్నానికి రండి.

కాబట్టి ఏ చోటుకు వెళ్లినా చూడాల్సింది, ఇట్లా ఓపిగ్గా నేర్పే మనిషి అక్కడ ఉన్నారా అని. అక్షరాలు వద్దని నేను అనడం లేదు. తన పేరు, ఊరి పేరు, బస్సు బోర్డు చదవడం, డబ్బులు గుర్తుపట్టడం బతుకంతా పనికొచ్చే చదువే. కానీ బాత్రూంకు వెళ్తానని చెప్పడం రాని పిల్లగాడికి ఏబీసీడీలు రాయించి మురిసిపోతే రేపు వాడిని ఎవరూ తమతో తీసుకుపోరు.

రెండోది, ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు అన్నది. ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధన పెట్టింది. మీరు చూసే చోట ఆ లెక్క ఎట్లా ఉందో మొహమాటం లేకుండా అడగండి. "మా దగ్గర ట్రెయిన్డ్ స్టాఫ్ ఉన్నారు" అనే జవాబు చాలదు. ఎవరు, ఏ కోర్సు చేశారు, రోజుకు ఎంతసేపు నా బిడ్డ పక్కన కూర్చుంటారు, ఇది తెలియాలి.

మూడోది రాకపోకలు. మన వైపు చాలా నిర్ణయాలు ఇక్కడే బోల్తా కొడతాయి. బిడ్డను తీసుకుపోవడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తల్లీకూతుళ్లకు బస్సు ఖర్చు పోయింది, కొడుకైతే వికలాంగుల రాయితీ పాస్ తీసుకోవాలి. అయినా కూలి పోవడం పోవడమే. అందుకే "వారంలో ఎన్ని రోజులు, ఎవరు తీసుకుపోతారు" అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోండి. పది రోజులు పోయి మానేసే దూరపు మంచి కేంద్రం కంటే, ఏడాదంతా పోగలిగే దగ్గరి మామూలు కేంద్రమే మేలు.

ఇక సాయంత్రాలు. బడిలో నేర్చింది ఇంట్లో వాడకపోతే నిలవదు. సాయంత్రం బిడ్డతో అరగంట కూర్చునే మనిషి, అవ్వ గానీ అక్క గానీ ఎవరైనా ఉన్నారా అన్నది బడి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఎంపికకు ముందు ఒక పరీక్ష

బిడ్డకు ఉన్నది ఏమిటో, ఎంత ఉందో తెలియకుండా బడి వెతకవద్దు. అంగన్‌వాడీలకు, సర్కారు బళ్లకు వచ్చే ఆర్బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) డాక్టర్ల బృందానికి చూపిస్తే వాళ్లు జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలను తొందరగా గుర్తించి థెరపీ ఇచ్చే కేంద్రానికి రాసిస్తారు. బిడ్డకు ఆరేళ్లు నిండలేదంటే ఇదే మీ మొదటి మెట్టు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తయి", "వాళ్ల నాయినకు కూడా నాలుగేండ్లకే వచ్చినయి" అని ఇంట్లో పెద్దలు అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా చూపించడం ఆపకండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి, మాట రాకపోవడానికి చెవి కారణం అయిన పిల్లలు ఉంటారు.

ఊరి సర్కారు బడి

విద్యాహక్కు చట్టం, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండూ బిడ్డను చేర్చుకోవాలనే చెప్తాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కాబట్టి "మీ బిడ్డను ఇక్కడ చూసుకోలేం" అని హెచ్ఎం అంటే తల వంచుకుని రావద్దు. ఎంఈఓ దగ్గరికి వెళ్లండి.

ఈ బడిలోని గొప్ప బలం తోటి పిల్లలు. మా తమ్ముడు వరుసలో నిలబడడం, మధ్యాహ్న భోజనం కంచం పట్టుకుని తన వంతు వచ్చేదాకా ఆగడం, తిన్నాక పంపు దగ్గర కడగడం, ఇవి ఏ థెరపిస్టూ నేర్పలేదు. ఎదురింటి పిల్లలు నేర్పారు. వాడిని ఊరంతా గుర్తుపట్టడం కూడా అక్కడే మొదలైంది. ఈరోజు వాడు దారి తప్పినా నలుగురు ఇంటికి తెచ్చి దింపుతారు. హాస్టల్లో పెరిగిన బిడ్డకు ఇది రాదు.

లోటు కూడా చిన్నది కాదు. ఒకరిద్దరు టీచర్లు అన్ని తరగతులూ చూసుకునే బళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. మనసున్న టీచరు దొరికినా ఆమెకు సమయం ఉండదు. అందుకే ఊరి బడి ఒక్కటే అని ఆగకుండా దాన్ని భవిత కేంద్రంతో జోడించాలి.

భవిత కేంద్రం

భవిత కేంద్రాలు సర్కారు బళ్ల పథకమైన సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడుస్తాయి, సాధారణంగా మండల కేంద్రంలోని సర్కారు బడి ఆవరణలోనే ఉంటాయి. అక్కడుండే టీచర్లను ఐఈఆర్పీలు అంటారు, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవాళ్లు. ఫిజియోథెరపిస్టు నిర్ణయించిన రోజున వస్తారు. బిడ్డ పేరు ఊరి బడిలోనే ఉంటుంది, ఇక్కడికి శిక్షణ కోసం వస్తాడు. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు భత్యం, ఆడపిల్లలకు స్టైపెండ్ ఉన్నాయి. ఇవి బ్యాంకు ఖాతాలోనే పడతాయి కాబట్టి బిడ్డ పేరున ఖాతా ముందే తెరవండి.

మా అనుభవంలో డబ్బు ఖర్చు లేకుండా అసలైన పని జరిగింది ఇక్కడే. గుండీల పాఠం చెప్పింది ఇక్కడి టీచరమ్మే. కానీ ఐఈఆర్పీలు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, కేంద్రంతో పాటు బళ్లు, ఇళ్లు కూడా తిరగాలి. కాబట్టి కేంద్రం ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది, ఫిజియో ఏ రోజు వస్తారు అన్నది ఫోన్ చేసి తెలుసుకుని బయల్దేరండి. తల్లి బయట అరుగు మీద కూర్చోవద్దు, లోపలికి వెళ్లి పక్కన కూర్చుని చూడాలి. వారంలో రెండు రోజుల శిక్షణ మిగతా అయిదు రోజులు ఇంట్లో సాగేది అట్లా చూసి నేర్చుకున్నప్పుడే.

ప్రైవేటు బడి

మా రెండేళ్లు పోయింది ఇక్కడే. ఫీజు కట్టించుకున్నారు, టై కట్టారు, చివరి బెంచీలో కూర్చోబెట్టారు. నోట్సు మాత్రం ప్రతిరోజూ నిండి వచ్చేది. అక్షరాలు చక్కగా ఉన్నాయని మా నాయిన అందరికీ చూపేవాడు. తర్వాత తెలిసింది, ఆయమ్మ వాడి చేయి పట్టుకుని రాయించేదని. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్తే వాడు తడిసిన లాగుతోనే కూర్చుని ఉన్నాడు. మా నాయిన ఏమీ అనలేదు. వాడిని ఎత్తుకుని బయటకు వచ్చాడు, ఆ నోట్సులన్నీ అక్కడే వదిలేశాడు.

అన్ని ప్రైవేటు బళ్లూ అట్లాంటివే అనడం లేదు. స్పెషల్ టీచరును పెట్టుకున్నవి పట్టణాల్లో కొన్ని ఉన్నాయి. నెమ్మదిగా నేర్చుకుంటాడు గానీ తన పనులు తాను చేసుకునే బిడ్డకు, చిన్న తరగతులున్న బడి కలిసిరావచ్చు. కానీ చేర్చే ముందు తరగతి జరుగుతుండగా లోపలికి పోనిస్తారా అని అడగండి. "గేటు దాకే" అంటే అక్కడే వదిలేయండి.

ప్రత్యేక పాఠశాల, హాస్టల్

జిల్లా కేంద్రాల్లో స్వచ్ఛంద సంస్థలు నడిపే మానసిక దివ్యాంగుల పాఠశాలలు కొన్ని ఉన్నాయి. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వచ్చే పాఠశాల మీకు అరగంట, ముప్పావుగంట దూరంలో ఉంటే, తీవ్రత మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ ఉన్న బిడ్డకు అది చాలా మంచిది. రోజంతా శిక్షణే, ఈడును బట్టి గుంపులు, చేతి పనులు.

హాస్టల్ సంగతి వేరు. అక్కడ వేయడం తప్పు అని ఏ తల్లికీ చెప్పను. కొన్ని ఇళ్లలో వేరే దారి ఉండదు. అయితే కొన్ని చూసి తీరాలి. రాత్రి పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు? ఆడపిల్లల గదికి ఆడ మనిషేనా? మూర్ఛ మందులు వేళకు వేసి రాసిపెట్టే రిజిస్టరు ఉందా? ముందుగా చెప్పకుండా వచ్చి బిడ్డను చూడనిస్తారా? సంస్థకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా? వీటిలో ఒక్కదానికి నీళ్లు నమిలినా వెనక్కి వచ్చేయండి. మాటలు రాని బిడ్డ తనకు జరిగింది చెప్పుకోలేదు. ఆ బిడ్డ తరఫున ముందే అడగాల్సింది మనమే.

పదేళ్లలోపు బిడ్డను హాస్టల్లో వేయడం నాకైతే ఇష్టం లేదు. సొంత పనులు నేర్చుకునే ఈడు అదే, అవి ఇంటి బాత్రూంలో, ఇంటి వంటగదిలో నేర్చుకుంటేనే ఆ ఇంట్లో పనికొస్తాయి.

హైదరాబాద్

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైంది, మా అమ్మ ఇప్పటికీ ఆ పాత పేరే అంటుంది. మేధో వైకల్యం విషయంలో దేశంలోనే పెద్ద సంస్థ మనకు వంద కిలోమీటర్ల దూరంలో ఉండడం మన అదృష్టం. నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు. గద్వాల, నారాయణపేట వాళ్లకు కష్టమే. దూరం నుంచి వచ్చే తల్లిదండ్రులు బిడ్డతో కొన్ని రోజులు ఉండి శిక్షణ తీసుకోవడానికి అక్కడ కాటేజీలు ఉంటాయి, ముందే అడిగి పోవాలి. రైలులో వెళ్తే మేధో వైకల్యం ఉన్న బిడ్డకు, తోడు మనిషికి సెకండ్ క్లాస్, స్లీపర్ చార్జీలో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వే నమూనాలో డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

నా సలహా, దీన్ని బడిలాగా కాకుండా దారి చూపే చోటుగా వాడుకోండి. ఏడాదికి రెండుసార్లు పోవాలి. బిడ్డ ఎక్కడున్నాడో అంచనా వేయించాలి, వచ్చే ఆరు నెలలకు ఏమేం నేర్పాలో రాయించుకోవాలి, ఆ కాగితం తెచ్చి భవిత టీచరు చేతిలో పెట్టాలి. బిడ్డ కోసమే భూమి అమ్ముకుని హైదరాబాద్‌కు కాపురం మార్చినవాళ్లను చూశాను. తల్లి కూడా పనికి పోక తప్పలేదు, బిడ్డ కిరాయి గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. అక్కడ బతుకుదెరువు ముందే కుదిరినవాళ్లకైతే మారడం మంచిదే.

ప్రైవేటు థెరపీ సెంటర్ల గురించి ఒక్క మాట. గంటకు వందల రూపాయలు తీసుకుని "ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అనేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇంటి దగ్గరి చదువు

తీవ్రమైన వైకల్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్న బిడ్డ ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ విద్యాహక్కు చట్టంలో చేర్చింది. ఐఈఆర్పీ ఇంటికి వస్తారు. మెడ నిలవని, కూర్చోలేని బిడ్డకు ఇదే సరైనది. నడిచే బిడ్డకు మాత్రం ఇది తీసుకోవద్దు. "బడికి పోతే ఏడిపిస్తరు" అని ఇంట్లో ఉంచేస్తారు, క్రమంగా ఆ బిడ్డ లోకమంతా ఒక మంచం అయిపోతుంది.

ఒక్క చూపులో

| దారి | సొంత పనుల శిక్షణ | రాకపోకలు | ఖర్చు | ఎవరికి ఎక్కువ మేలు |
|---|---|---|---|---|
| ఊరి సర్కారు బడి | తోటి పిల్లలను చూసి నేర్చుకోవడమే | నడక దూరం | లేదు | స్వల్ప, మధ్యస్థ తీవ్రత. కాళ్లలోనే ఇబ్బంది ఉన్నవాళ్లు |
| ఊరి బడి, భవిత కలిపి | బాగుంటుంది, తల్లి పక్కనుంటే ఇంకా | వారంలో కొన్ని రోజులు మండల కేంద్రానికి | కూలి నష్టం | పదేళ్లలోపు ఎక్కువమంది పిల్లలు |
| ప్రైవేటు బడి | స్పెషల్ టీచరు ఉంటేనే | బడి బస్సు | ఫీజులు | తన పనులు తాను చేసుకునే, నెమ్మదిగా చదివే బిడ్డ |
| రోజూ పోయివచ్చే ప్రత్యేక పాఠశాల | రోజంతా | పట్టణంలో ఉంటేనే వీలు | సంస్థను బట్టి | మధ్యస్థ, ఎక్కువ తీవ్రత |
| హాస్టల్ | సంస్థను బట్టి | నెలకోసారి చూడడం | సంస్థను బట్టి | చూసుకునే మనిషి లేని ఇల్లు, పదేళ్లు దాటాక |
| ఎన్‌ఐఈపీఐడీ | అంచనా, ప్లాను, తల్లిదండ్రులకు శిక్షణ | ఏడాదికి రెండుసార్లు | ప్రయాణం | అందరికీ |
| ఇంటి దగ్గరి చదువు | మంచం దగ్గరి పనులు, కూర్చోబెట్టే తీరు | అవసరం లేదు | లేదు | చాలా తీవ్రమైన వైకల్యం |

మీ ఇంటి సంగతిని బట్టి

భార్యాభర్తలిద్దరూ కూలికి పోయే ఇల్లయితే ఊరి బడి, భవిత కలిపిన దారే. వారంలో రెండు రోజులు తల్లి, ఒక రోజు అవ్వ గానీ పెద్దమ్మ గానీ తీసుకుపోయేట్టు పంచుకోండి.

కోస్గి, మక్తల్, నారాయణపేట, అచ్చంపేట వైపు నుంచి బొంబాయి, పూణెలకు వలసపోయే ఇళ్ల కష్టం వేరు. బిడ్డను వెంట తీసుకుపోతే అడ్డా మీద, కట్టే బిల్డింగుల్లో వాడిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఉండరు. వదిలిపోతే అవ్వాతాతల మీద భారం. అవ్వకు ఓపిక ఉంటే ఊళ్లోనే వదలడం మేలు, కానీ పోయేముందు అవ్వను భవిత కేంద్రానికి తీసుకుపోయి టీచరుతో కలపండి. అవ్వలు ప్రేమకొద్దీ అన్నీ తామే చేసిపెడతారు, ముద్దలు కలిపి పెట్టి నేర్చిన పని మరిపిస్తారు. "అవ్వా, ఈ ఒక్కటి మాత్రం వాడినే చేసుకోనియ్యి" అని ఒక్క పని చెప్పి పోండి. అవ్వకు చేతకాకపోతే, తల్లిదండ్రుల్లో ఒకరు ఆగలేకపోతే, అప్పుడు హాస్టల్ ఆలోచించాలి, పైన రాసిన ప్రశ్నలన్నీ అడిగి.

ఆటిజం ఉండి ఒక్కచోట కూర్చోని, శబ్దానికి బెదిరే బిడ్డకు యాభై మంది ఉన్న తరగతి నరకం. మొదట భవితలోనో ప్రత్యేక పాఠశాలలోనో ఏడాది గడిపి, తర్వాత ఊరి బడికి రోజుకు గంట, రెండు గంటలు అలవాటు చేయండి. రేపు ఏం జరుగుతుందో బొమ్మలు గీసి గోడకు అంటించండి: పళ్లు తోముకోవడం, స్నానం, రొట్టె, బస్సు, బడి. ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, వాడికీ మీకూ.

ఆడపిల్లయితే పదో ఏడు దాటేలోపు నెలసరి గురించి నేర్పడం మొదలుపెట్టండి. పెద్దమనిషి అయ్యాక నేర్పుదాం అంటే ఆ రోజు రక్తం చూసి బిడ్డ బెదిరిపోతుంది. మామూలు రోజుల్లోనే ప్యాడ్ పెట్టుకుని కాసేపు తిరగడం, తీసి కాగితంలో చుట్టడం అలవాటు చేయాలి. బట్టల కింద ఎవరైనా చేయి పెడితే అరవాలని, అమ్మకు చూపించాలని కూడా. బడి ఏదైనా ఈ పాఠం మాత్రం తల్లిదే. ఆడపిల్లను వేసే చోట బాత్రూంకు తలుపు, గొళ్లెం ఉన్నాయో లేదో మీ చేత్తో వేసి చూడండి.

పద్నాలుగేళ్లు దాటాక

ఇక్కడ రెండు దారులు. బిడ్డకు చదువు కొంత వస్తోందంటే ఓపెన్ స్కూల్. ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు చాలు, అందులో కనీసం ఒకటి భాష. అయిదేళ్లలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు, ఒక్కో సబ్జెక్టే గట్టెక్కవచ్చు. అంతకంటే కింద ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది, మూడు, అయిదు, ఎనిమిది తరగతులతో సమానమైన మూడు స్థాయిలు. ఊరి బడి నుంచే పదో తరగతి రాయించాలంటే, స్క్రైబ్ (బిడ్డ చెప్తే రాసే మనిషి), అదనపు సమయం వంటి వెసులుబాట్ల కోసం నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే ముందే హెచ్ఎంకు కాగితాలు ఇవ్వాలి. తర్వాత ఎవరికి మొక్కినా లాభం ఉండదు.

చదువు రావడం లేదంటే బడిలో పేరు కోసం లాగవద్దు. మేము వాడికి పదిహేనేళ్లప్పుడు అక్షరాలు ఆపేశాం. ఆ సమయమంతా దుకాణానికి ఇచ్చాం. మొదట పది రూపాయల నాణెం, ఒక్క వస్తువు, చిల్లర రానిది. దుకాణం పెద్దమ్మకు ముందే చెప్పిపెట్టాం, వాడు నోటితో అడిగేదాకా ఇవ్వవద్దని. వాడు "చాపత్త" అనడానికి వారం పట్టింది, ఆమె ఆ వారమంతా తన బేరం ఆపుకుని వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత ఇరవై నోటు, చిల్లర తేవడం. ఇప్పుడు మా ఇంటి ఉప్పు, చాపత్త, సబ్బు తెచ్చేది వాడే.

కాగితాలు

ఏ దారి పట్టినా ఇవి కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టి, వైద్య శిబిరంలో పరీక్ష చేయించుకుని వైకల్య ధ్రువీకరణ, యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు. 40 శాతం ఉంటే ఆసరా పింఛను, దివ్యాంగులకు 2023 నుంచి నెలకు రూ. 4,016. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. దీని గురించి మన వైపు చాలా తక్కువమందికి తెలుసు. పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కూడా తమంత తాముగా సంరక్షకులు కారు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టి గార్డియన్‌షిప్ తీసుకోవాలి. భూమి, బ్యాంకు విషయాల్లో ఇది లేక చిక్కుపడ్డ కుటుంబాలను చూశాను. మా అమ్మ తర్వాత ఆ కాగితంలో నా పేరు ఉండాలని మేమిద్దరం మాట్లాడుకున్నాం.

ఇప్పుడు తమ్ముడి కోసం మేము పెట్టుకున్న పని బస్సు. కొండమల్లేపల్లిలో ఎక్కి దేవరకొండలో దిగడం. గుండీల పద్ధతే ఇక్కడ కూడా, చివరి మెట్టు నుంచి. మొదట నెల రోజులు పక్కనే కూర్చుని, బస్టాండు రాగానే లేచే పని ఒక్కటే వాడికి వదిలేశాను. తర్వాత కండక్టరుకు పాస్ చూపించడం. పోయిన వారం నుంచి వాడు ముందు సీట్లో, నేను వెనక నాలుగో వరుసలో. నిన్న దేవరకొండ రాగానే వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయాడు. నేను దిగేసరికి బస్టాండు గేటు దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు. వచ్చే నెల నేను బస్సు ఎక్కను, దేవరకొండ బస్టాండులో ఎదురు చూస్తాను.